మత్తు డాక్టరు ముందే వచ్చాడు

"ఇంకో గంట చూద్దాం" అని డాక్టరమ్మ తన గదిలోకి వెళ్ళిపోయేసరికి గోడ గడియారంలో నాలుగు దాటి రెండు నిమిషాలయింది, నా చేతిలో ఒక కాగితమూ ఒక పెన్నూ మిగిలాయి. పెన్ను వాళ్ళదే, మూత లేదు. కాగితం మీద మా అమ్మాయి అసలు పేరు ఎవరో గొలుసుకట్టుగా రాశారు. పుట్టినప్పటి నుంచీ పిట్ట అని పిలుచుకుంటున్న పిల్లకి అలాంటి పేరొకటి ఉందన్న సంగతి పెళ్ళి తర్వాత మళ్ళీ ఇక్కడే గుర్తొచ్చింది, చదువుతుంటే ఎవరో పరాయివాళ్ళ పిల్లకి ఆపరేషన్ చేస్తామంటున్నట్టుంది. కింద 'ఆపరేషన్‌కు కారణం' అని అచ్చయి ఉంది, పక్కన ఒక గీత, గీత మీద ఏమీ లేదు. "ఇక్కడ కారణం రాయలేదమ్మా" అన్నాను కాగితం ఇచ్చిన నర్సుతో. "అది తర్వాత మేడమ్ రాస్తారు, మీరు సంతకం పెట్టి ఉంచండి పెద్దాయనా, అప్పటికప్పుడు మిమ్మల్ని వెతుక్కోకుండా" అంది. నన్నెక్కడ వెతుక్కుంటారు, పొద్దున ఆరింటి నుంచీ ఈ నీలం కుర్చీలోనే ఉన్నాను, కదిలినప్పుడల్లా కిర్రుమంటోంది, అడుగున బోల్టు వదులైంది, చేతిలో పానా ఉంటే అర నిమిషం పని. సంతకం పెట్టాల్సింది అసలు అల్లుడు. అతను రైల్లో ఉన్నాడు, రేపు పొద్దున గానీ దిగడు, ఫోను మధ్యమధ్యలో తెగిపోతుంటే "మామయ్యా, మీరెలా అంటే అలా, మీరు దగ్గరుండి చూస్తున్నారుగా" అన్నాడు. ఏం చూస్తున్నాను నేను, ఒక తలుపు చూస్తున్నాను. దానికి గుండ్రటి అద్దం ఉంది, అద్దానికి లోపలి నుంచి కాగితం అంటించారు. తలుపుకి అవతల పిట్ట ఉంది, దాని చెయ్యి పట్టుకుని మా ఆవిడ ఉంది, ఒక్కరినే రానిస్తామన్నారు, తొలి కాన్పు కాబట్టి తల్లినే రానిచ్చారు.

తలుపు వైపు చూస్తూ దేవుడి పేరు తల్చుకుంటున్నాను, ఎన్నిసార్లో లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను, లెక్క పెడితే మనసు అంకెల మీదికి పోతుంది, అప్పుడు మెట్ల మీంచి ఒకాయన వచ్చాడు, ఒక చేతిలో హెల్మెట్, ఒక చేతిలో నల్ల సంచి, నుదుటి మీద హెల్మెట్ అచ్చు ఇంకా పోలేదు. నర్సు లేచి నిలబడింది. "అప్పుడే వచ్చేశారా సార్, ఐదింటికి కదా" అంది. "అక్కడ తొందరగా అయిపోయింది, ఇది చూసుకుని ఆరున్నరకి ఇంకోచోటికి వెళ్ళాలి" అన్నాడాయన, నాకు ఎదురు వరసలో రెండు కుర్చీల అవతల కూర్చుని ఫోను తీసి చూసుకుంటున్నాడు. ఎవరమ్మా అని అడిగితే "మత్తు డాక్టరు గారు" అంది నర్సు, అది అడగాల్సిన విషయమే కాదన్నట్టు. గడియారం చూశాను, నాలుగూ పది. ఇంకో గంట చూద్దాం అని ఆవిడ నాతో అన్నది నాలుగింటికి. ఐదింటికి రమ్మని ఈయనకి చెప్పింది ఎప్పుడు? నాలుగింటికే చెప్పి ఉంటే ఎనిమిది నిమిషాల్లో ఇంకోచోటి నుంచి ఎలా వస్తాడు, అక్కడ అయిపోయింది అన్నాడుగా, ఎక్కడో ఒక పని ముగించుకుని వచ్చాడు. మధ్యాహ్నమే చెప్పి ఉండాలి. మధ్యాహ్నం పిట్టకి నొప్పులు బాగానే వస్తున్నాయని ఇదే నర్సు నాతో అంది. మరి చూద్దాం అన్న గంట ఎవరి కోసం, పిట్ట కోసమా, నా కోసమా, సంతకం పెట్టడానికి మనసుని సిద్ధం చేసుకోవడానికి నాకిచ్చిన గంటా ఇది? ఉండు, ఉండు, అంత తొందరగా చెడ్డగా అనుకోకూడదు. అవసరం పడితే అప్పటికప్పుడు ఎక్కణ్ణుంచి తెస్తారు, ముందే పిలిచి పెట్టుకుని ఉంటారు, అది జాగ్రత్త. దేవుడా, అది జాగ్రత్తే అయ్యేలా చూడు. కానీ 'ఇది చూసుకుని' అన్నాడు. చూడాల్సి వస్తే అనలేదు.

ఎదురు గోడకి తెల్లబోర్డు ఉంది, వారంలో పుట్టిన పిల్లల వివరాలు, తల్లి గది నంబరు, పుట్టిన టైము, బరువు, పక్కన ఒక చుక్క. ఎర్ర చుక్కంటే ఆపరేషన్, పచ్చ చుక్కంటే మామూలు కాన్పు అని పొద్దున ఊడ్చే ఆవిడ చెప్పింది. తొమ్మిది పుట్టుకలు, ఏడు ఎర్రవి. పొద్దున పదికి ముందు ఒక్కటీ లేదు, రాత్రి ఎనిమిది తర్వాత పచ్చ చుక్కది ఒక్కటే ఉంది, ఆదివారం గడి ఖాళీగా ఉంది. పిల్లలు ఆదివారం పుట్టడం ఎప్పుడు మానేశారు. మా ఆవిడ ఒకసారి మా వీధి కాన్పులన్నీ వేళ్ళ మీద చెప్పింది, మూల మీది కుట్టుపనామె కూతురు, పాలు పోసే అతని భార్య, ఎదురింటి కోడళ్ళు ఇద్దరూ, ఇలా ప్రైవేటుకి వెళ్ళిన తొమ్మిదిమందిలో ఆరుగురికి కుట్లు పడ్డాయి, పెద్దాసుపత్రికి వెళ్ళిన ఏడుగురిలో ఒక్కర్తికే. అవే నడుములు, అవే ఒళ్ళు, ఒకే వీధి నీళ్ళు తాగే ఆడవాళ్ళు, రోడ్డుకి ఇటు పక్క గుమ్మంలోంచి వెళ్తే ఒకలా, అటు పక్క గుమ్మంలోంచి వెళ్తే ఇంకోలా ఎలా కంటారు? పొద్దున ఈ మాట నర్సుని మెల్లగా కదిలిస్తే "కష్టమైన కేసులే మా దగ్గరకొస్తాయి పెద్దాయనా" అంది. కావచ్చు. కానీ కుట్టుపనామె కూతురికి నిరుడు ఒళ్ళంతా నీరొచ్చి కళ్ళు తేలేస్తే ఇక్కణ్ణుంచే అంబులెన్సు ఎక్కించి పెద్దాసుపత్రికి పంపించారు, అక్కడే బతికింది. మరి కష్టమైన కేసులు ఎటు నుంచి ఎటు వెళ్తున్నట్టు?

పిట్ట పుట్టింది అక్కడే. ఆ వరండాలో ఇలా కుర్చీలు లేవు, సిమెంటు అరుగు, దాని మీద పదిమంది మొగుళ్ళం, ఫినాయిలు వాసన, ఎవరి ఆడమనిషి అరుస్తోందో ఎవరికీ తెలియదు, ప్రతి అరుపుకీ పదిమందిమీ లేచి నిలబడేవాళ్ళం. పంతొమ్మిది గంటలు. పన్నెండో గంటలో నేను తట్టుకోలేక లోపలికి తొంగి చూసి ఆపరేషన్ చేసెయ్యరాదా అమ్మా అంటే పెద్ద నర్సమ్మ, మనిషి భారీగా ఉండేది, చేతులు తుడుచుకుంటూ వచ్చి "బిడ్డకి తొందర లేదు, తల్లికి తొందర లేదు, నీకెందుకయ్యా తొందర, పోయి టీ తాగిరా" అంది. వెళ్ళి తాగాను. తెల్లవారుజామున నాలుగూ ఇరవైకి పిట్ట పుట్టింది, పేగు మెడకి చుట్టుకుని వచ్చిందట, నర్సమ్మ ఒక వేలు పెట్టి మెడలో దండ తీసినట్టు తీసేసిందట, ఆ తర్వాత చాలాకాలం మా ఆవిడ వచ్చిన చుట్టాలందరికీ వేలితో ఆ తీయడం చేసి చూపించేది. అంత చిన్నగా ఉంది కాబట్టి పిట్ట అన్నాను. ఆ నర్సమ్మకి ఇంటికెళ్ళే టైము దాటిపోయి ఉంటుంది ఆ రోజు, లేక ఆమె డ్యూటీయే తెల్లవార్లూ కాబట్టి ఆమెకి ఏ గంటైనా ఒకటేనేమో. అలా అనుకుంటే మంచితనం కూడా డ్యూటీ చీటీని బట్టి ఉంటుందా, దేవుడా, ఇలాంటి ప్రశ్నలు నీకు నచ్చవేమో గానీ నువ్వే కదా నన్నిక్కడ పొద్దుటి నుంచీ కూర్చోబెట్టావు.

అయినా అదే వరండాలో మా వదిన సంగతి జరిగింది, మా ఆవిడ అక్క. పిట్ట పుట్టిన మూడేళ్ళకి. అదే అరుగు మీద మా తోడల్లుడి పక్కన నేనే కూర్చున్నాను. ఆపరేషన్ చెయ్యాలి అని పొద్దునే అన్నారు, ఆపరేషన్ గది ఒక్కటే, డాక్టరు ఒక్కరే, లోపల అప్పటికే వేరే ఆమె ఉంది, ఆమె తర్వాత ఇంకొకామె, మత్తు డాక్టరు సెలవు, ఇంకో ఊరి నుంచి రావాలి, వస్తున్నాడు, వస్తున్నాడు, వచ్చేసరికి కడుపులో బిడ్డ గుండె కొట్టుకోవడం ఆగిపోయింది. మా వదిన ఒంటి మీద కత్తి గాటు పడలేదు. చేతుల్లో బిడ్డా పడలేదు. అక్కడ మత్తు డాక్టరు రాలేదని ఏడ్చాం, ఇక్కడ ముందే వచ్చాడని నేను అనుమానపడుతున్నాను, మా తోడల్లుడు ఇప్పుడు ఈ కుర్చీలో ఉంటే ఆ హెల్మెట్ మనిషి కాళ్ళు కళ్ళకద్దుకునేవాడు. మా ఆవిడ ఆ రోజే తేల్చేసింది, పిట్టని మాత్రం అక్కడికి తీసుకెళ్ళేది లేదని. అందుకే ఇక్కడున్నాం. ఒకరి భయం మీద ఇంకొకరి గుమ్మం నిలబడి ఉంటుందని నాకు అప్పుడు తోచలేదు.

నాలుగున్నరకి తలుపు తెరుచుకుంది, పిట్ట గొంతు ఒక్కసారి బయటికొచ్చి మళ్ళీ లోపలికి పోయింది, మా ఆవిడ నీళ్ళ సీసా నింపుకోవడానికి వచ్చింది, జుట్టంతా రేగిపోయి ఉంది.

"సంతకం పెట్టారా?"

"ఇంకా లేదు. అది ఎలా ఉంది?"

"ఎలా ఉంటుంది, నా చెయ్యి విరిచేస్తోంది. పెట్టెయ్యండి, దానికి ఓపిక అయిపోయింది."

"ఆపరేషన్ చెయ్యమని అది అడిగిందా?"

"నొప్పుల్లో ఉన్న పిల్ల ఏమైనా అడుగుతుంది. ఇందాక మొగుణ్ణి తిట్టింది, తర్వాత నన్ను తిట్టింది, కాసేపుంటే మీ వంతు."

"నీకు పంతొమ్మిది గంటలు పట్టింది కదా, అందుకని..."

"నా కాన్పు సంగతి నాకు చెప్తారేమిటండీ? మీరు బయట టీ తాగారు."

నేను గొంతు తగ్గించి, మత్తు డాక్టరు ముందే వచ్చాడు చూశావా, నాలుగూ పదికే, అన్నాను. మా ఆవిడ అటు ఒకసారి చూసింది. "వస్తే వచ్చాడు. రాకపోతే రాలేదని తిడతారు, వస్తే ఎందుకొచ్చాడంటారు. ఎవర్ని చూసినా దొంగల్లాగే కనపడతారేం మీకు? అంత అన్యాయం మీకెవరు చేశారు?" అని సీసా మూత బిగించుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

నాకెవరూ చెయ్యలేదు. అందుకే ఆ మాట అక్కడే నిలబడిపోయింది, నాకెవరూ చెయ్యలేదు. ముప్ఫై ఏళ్ళుగా మోటార్లు చుట్టే పని చేస్తున్నాను, నీళ్ళ మోటార్లు, పిండిమర మోటార్లు, లోపల రాగి తీగ చుట్ట కాలిపోతే పాతది తెగ్గొట్టి లాగేసి కొత్తది చుట్టి వార్నిష్ పోసి ఆరబెట్టి ఇస్తాను, పొద్దున షాపు తెరిచి దేవుడి పటానికి దణ్ణం పెట్టుకోకుండా పానా ముట్టను. ఇరవయ్యేళ్ళ కింద లెక్కల టీచరమ్మ తన ఇంటి నీళ్ళ మోటారు తెచ్చింది, పిట్టకి బళ్ళో లెక్కలు చెప్పేది ఆవిడే. "నాయనా, బాగానే తిరుగుతుంది, గంట తిరిగాక ఆగిపోతుంది, చల్లారితే మళ్ళీ తిరుగుతుంది" అంది. అలాంటి జబ్బు వెతకాలంటే మోటారు తిప్పి వదిలేసి దాని పక్కన కూర్చోవాలి, గంటో రెండు గంటలో, మీద చెయ్యి వేసి వేడి చూసుకుంటూ, ఆగినప్పుడు ఎక్కడ ఆగిందో చప్పున పట్టుకోవాలి, ఆగకపోతే మళ్ళీ రేపు. వెతకడానికి ఎంతసేపు పడుతుందో చెప్పలేం, చుట్టడానికి ఎంతసేపు పడుతుందో నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. ఆ రోజు షాపులో ఇంకో నాలుగు మోటార్లున్నాయి. పది నిమిషాలు తిప్పి చూసి, "చుట్ట దెబ్బ తినేసిందమ్మా, ఇప్పటికి ఆడుతుంది గానీ తర్వాత నా పూచీ లేదు, రిస్కెందుకు, మార్పించేసుకోండి" అన్నాను. అబద్ధం అని తెలిసి అనలేదు, నిజం అని తెలిసీ అనలేదు, అదీ చెప్తున్నది. ఆవిడ వెళ్ళాక ఉలితో తీగ తెగ్గొట్టి లాగాను, లాగుతుంటే తెలిసింది, తీగ మీద పూత బంగారంలా మెరుస్తోంది, ఎక్కడా నల్ల మచ్చ లేదు, నిక్షేపంలా ఉంది. తప్పు బయటి పెట్టెలో ఉంది, తొడుగు కింద ఒక చిన్న తీగ విరిగి, చల్లగా ఉన్నప్పుడు తగులుతూ వేడికి విడిపోతూ ఉంది. ఒక స్క్రూ పని. తెగ్గొట్టాక మాత్రం ఏం చేస్తాను, చుట్టాను, చాలా బాగా చుట్టాను, ఎంత శ్రద్ధగా చుట్టానో, తప్పు చేసిన రోజు చేసినంత మంచి పని మళ్ళీ చెయ్యలేదు. మర్నాడు ఆవిడొచ్చి అంతా అయ్యాక "ఆ కాలిపోయిన తీగ ఒకసారి చూపిస్తావా నాయనా" అంది, ఊరికే అడిగిందో, అనుమానంతో అడిగిందో. మూల కుప్పలోంచి ఇంకెవరి మోటారుదో బొగ్గులా మాడిన తీగ ఒక గుప్పెడు తీసి బల్ల మీద పెట్టాను. విప్పేశాక అవసరం పడి విప్పామో ఊరికే విప్పామో చెప్పగలిగేవాడు విప్పినవాడొక్కడే. ఇంకెవరూ ఉండరు. నువ్వుంటావనుకో దేవుడా, నువ్వు చెప్పవు కదా.

డాక్టరమ్మ బయటికొచ్చేసరికి ఐదుకి పది నిమిషాలుంది. చిన్న మనిషి, మా పిట్టకంటే ఓ పదేళ్ళు పెద్దదేమో, కళ్ళ కింద నలుపు, పొద్దుటి నుంచీ తిన్నదో లేదో. మత్తు డాక్టరు ఫోను జేబులో పెట్టుకున్నాడు. "ఏమైందండీ, పెట్టారా?" అంది నాతో. లేచి నిలబడ్డాను, కుర్చీ కిర్రుమంది.

"అమ్మా, నేను చదువుకున్నవాణ్ణి కాదు. కోప్పడకుండా ఒక్కటి చెప్పండి. ఇంకో రెండు గంటలు ఆగితే ఏమవుతుంది?"

"ఆగొచ్చు. కానీ తర్వాత నా పూచీ లేదు. రిస్కెందుకు చెప్పండి?"

ఆవిడ అన్న మాటలు నా చెవిలో నా గొంతుతోనే వినపడ్డాయి, అదే వరసలో, చివర ఆ 'ఎందుకు' దగ్గర నేను పెట్టే చిన్న విరామంతో సహా. "మీరేం చూశారో ఒకసారి నాకు చూపిస్తారా అమ్మా" అన్నాను. మత్తు డాక్టరు తలెత్తి చూశాడు. ఆవిడ విసుక్కోకుండా, అదే నన్ను ఇంకా భయపెట్టింది, చేతిలో ఫైలు తెరిచి పొడుగాటి కాగితం పట్టీ ఒకటి పైకి లాగి నా ముందు పట్టుకుంది. గళ్ళ కాగితం మీద వంకర గీత. "ఇది బిడ్డ గుండె. ఇక్కడ చూడండి, కిందికి పడుతోంది. ఇక్కడ మళ్ళీ. ఇక్కడ." కాగితం మీద పైన మూలకి ఏదో రాసి ఉంది, పేరై ఉంటుంది, దాని మీద ఆవిడ బొటనవేలు ఉంది. పిట్ట పేరులో మొదటి అక్షరం వేలికి అవతల కొంచెం కనపడిందనిపించింది, కనపడలేదనిపించింది. వేలు తియ్యమ్మా అనడానికి రెండు మాటలు చాలు. ఆ రెండు మాటలు అంటే, నువ్వు ఇంకెవరి కాగితమో నాకు చూపిస్తున్నావని అన్నట్టే, పొద్దుటి నుంచీ నిలబడి ఉన్న ఒక ఆడపిల్లని, లోపల నా కూతురి ప్రాణం చేతిలో ఉన్న మనిషిని. అలాంటి పని మనుషులు చేస్తారా అంటే చేస్తారు, నేను చేశాను. చేసినవాడికి మాత్రమే ఆ వేలు కనపడుతుంది. వదిన చేతులు గుర్తొచ్చాయి, ఖాళీగా, మంచం మీద అరచేతులు పైకి పెట్టి. గీత నిజంగా పడుతోందేమో. పడుతుంటే నేను వేలి గురించి ఆలోచిస్తూ ఇక్కడ ఎన్ని క్షణాలు నిలబడ్డాను?

గోడకి కాగితం ఆనించి సంతకం పెట్టాను. పెన్ను సగంలో రాయలేదు, రెండోసారి దిద్దాను. కారణం గీత ఇంకా ఖాళీగానే ఉంది. తలుపు మూసుకుంది, ఈసారి మా ఆవిడని కూడా బయటికి పంపేశారు, ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం, ఆమె పెదవులు కదులుతున్నాయి, నాకు దేవుడి పేరు సగంలో తెగిపోతోంది, తెగిపోయిన చోట నల్ల తీగ కనపడుతోంది.

ఐదూ ఇరవై ఆరుకి ఏడుపు వినపడింది. పిల్లి కూనలా కాదు, గట్టిగా, తగువుకొచ్చినట్టు. మా ఆవిడ నా భుజం మీద ఒక్కటి చరిచింది, అది సంతోషం. మనవరాలు. పిట్ట బాగానే ఉందట, మత్తు ఇంకా దిగలేదట. మత్తు డాక్టరు హెల్మెట్ పెట్టుకుంటూ మెట్లు దిగిపోయాడు, ఆరున్నరకి ఇంకోచోటికి. బోర్డు దగ్గర నర్సు ఎర్ర పెన్ను మూత తీస్తోంది. డాక్టరమ్మ వచ్చి ముఖానికున్న గుడ్డ కిందికి లాక్కుని నవ్వింది, "మంచిపని చేశారు సంతకం పెట్టి, పేగు మెడకి చుట్టుకుని ఉంది, ఇంకా ఆగి ఉంటే ఏమయ్యేదో" అంది, ఫైలు నా చేతిలో పెట్టి, గదిలోకి మార్చేటప్పుడు ఇది సిస్టర్‌కి ఇవ్వండి అంది. మా ఆవిడ వేలు, చుట్టాలందరి ముందూ దండ తీసే వేలు, ఇప్పుడు పైట చెంగులో ముడుచుకుని ఉంది. ఆమె నా వైపు చూడలేదు. నేనూ ఆమె వైపు చూడలేదు.

ఫైలు మీద తాడు ముడి వేసి ఉంది. విప్పితే సంతకం కాగితం, కారణం గీత మీద ఇప్పుడేదో రాసి ఉంటుంది, దాని వెనక గళ్ళ పట్టీ, పట్టీ మూలన పేరు, ఇప్పుడు దాని మీద ఎవరి వేలూ లేదు. పిట్ట పేరుంటే ఈ జన్మలో ఆ డాక్టరమ్మ ముఖం చూడలేను. లేకపోతే మాత్రం ఏం చేస్తాను, బిడ్డని మళ్ళీ లోపల పెట్టమంటానా? ముడి మీద నుంచి చెయ్యి తీసేశాను. ఆవిడ ఇంకా అక్కడే నిలబడి ఉంది, నేనేదో అంటానని చూస్తోంది. రెండు చేతులూ జోడించి, చల్లగా ఉండమ్మా అన్నాను. అని, జోడించిన చేతులు చూసుకున్నాను. టీచరమ్మ ఆ నల్ల తీగని వేళ్ళ మధ్య కాసేపు నలిపి చూసింది, తర్వాత నా ముఖం చూసింది, తర్వాత తీగని మెల్లగా బల్ల మీద పెట్టేసి ఇలాగే, సరిగ్గా ఇలాగే చేతులు జోడించి, చల్లగా ఉండు నాయనా అని వెళ్ళిపోయింది, మళ్ళీ ఏ పని మీదా షాపుకి రాలేదు. అంత బాగా చుట్టాను కాబట్టి రావాల్సిన అవసరం పడలేదనుకున్నాను. ఆవిడ నన్ను నమ్మిందనే ఇరవయ్యేళ్ళుగా అనుకుంటూ వచ్చాను.